ఫ్లోరైడ్ తగిలితే వీడని మెలిక

సత్తుపల్లి దగ్గర సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో తవ్వుతున్నది గోదావరి లోయ ఇసుకరాయి పొరల్లో ఇరుక్కున్న బొగ్గు. అక్కడి నుంచి పడమరగా ఖమ్మం, సూర్యాపేట దాటి నల్గొండ వైపు పోతుంటే కాళ్ల కింది రాయి మారిపోతుంది. బాగా పాతవైన గ్రానైటు, నైసు శిలలు మొదలవుతాయి. రాయి మారితే నీరు మారుతుంది. గ్రానైటులో ఉండే బయొటైట్, అపటైట్, ఫ్లోరైట్ లాంటి ఖనిజాల్లోంచి ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా భూగర్భ జలంలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం తక్కువై బైకార్బొనేట్ ఎక్కువైతే ఇంకాస్త జోరుగా దిగుతుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు బోరు నీళ్లు ఏం చేశాయో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. గారపట్టిన పళ్లు, వంగని నడుములు, నడుస్తుంటే మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునే పిల్లలు.

ఈ జబ్బు మన దేశంలో మొదట వైద్య పత్రికకు ఎక్కింది కూడా తెలుగు నేల నుంచే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకల ఫ్లోరోసిస్‌ను చూసి రాశారు. 1955లో సిద్దిఖీ నల్గొండ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పెట్టారు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఆ వంకర మోకాళ్ల గురించి లాన్సెట్‌లో రాశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి నాగపూర్ నీరి సంస్థ పెట్టిన పేరే 'నల్గొండ పద్ధతి'. ఒక జిల్లాకు ఇలాంటి పేరు రావడం గొప్ప అనుకోవాలో, కాదనుకోవాలో.

ఇదంతా మనుషుల కథ. అదే నీటిలో, అదే మట్టిలో మనకంటే ఎంతో ముందు నుంచి బతుకుతున్న బాక్టీరియా సంగతేమిటి? వాటికి ఎముకలు లేవు, పళ్లు లేవు, మూత్రపిండాలు అంతకన్నా లేవు. కానీ ఫ్లోరైడ్ వాటికీ విషమే.

ఆమ్లగుణం ఉన్నచోట ఫ్లోరైడ్ ఒక హైడ్రోజన్‌ను కలుపుకొని హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది. దానికి విద్యుదావేశం ఉండదు కాబట్టి కణత్వచాన్ని సులువుగా దాటేస్తుంది. కణం లోపల ఆమ్లత తక్కువ. అక్కడ మళ్లీ విడిపోయి ఫ్లోరైడ్ అయాన్ అయిపోతుంది. అయాన్ ఆ త్వచాన్ని దాటలేదు. అంటే వచ్చిన దారిన తిరిగి పోలేదు, లోపలే పోగుపడుతుంది. గ్లూకోజును శక్తిగా మార్చే గొలుసులో ఎనొలేజ్ అనే ఎంజైము ఉంది. ఫ్లోరైడ్ దాన్ని పట్టి ఆపేస్తుంది. టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ కలపడానికి ప్రధాన కారణం అది పంటి పైపొరను గట్టిపరచడమే అయినా, నోటిలోని బాక్టీరియాకు ఈ ఇబ్బంది పెట్టడం కూడా అదనపు లాభం.

బాక్టీరియా దగ్గర దీనికి విరుగుడు ఉంది. ఫ్లోరైడ్‌ను బయటికి పంపే ప్రోటీను కాలువలు వాటి త్వచంలో ఉంటాయి. ఆ కాలువను తయారుచేసే జన్యువుల్లో ఒకదాని పేరు సీఆర్‌సీబీ. అయితే కాలువలను ఎప్పుడూ కడుతూ కూర్చుంటే ఖర్చు. ఫ్లోరైడ్ వచ్చినప్పుడే కట్టాలి. వచ్చిందని ఎవరు చెప్పాలి? ఆ కబురు చెప్పేది ప్రోటీను కాదు, ఆర్‌ఎన్‌ఏ. అదీ ఏ ప్రోటీనుకూ సంకేతం కాని ఆర్‌ఎన్‌ఏ ముక్క.

ఇంటర్మీడియట్ పుస్తకంలో చదువుకున్న వరసను ఒకసారి గుర్తు చేసుకుందాం. డీఎన్‌ఏలో ఉన్న జన్యువును ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే యంత్రం అక్షరం వెంట అక్షరంగా నకలు రాస్తుంది. దాన్నే అనులేఖనం అంటారు. ఆ నకలును చదివి రైబోజోము ప్రోటీను తయారుచేస్తుంది. ఈ వరసలో ఆర్‌ఎన్‌ఏ పాత్ర ఉత్తరం మోసే మనిషిది మాత్రమే. పరీక్షలో మార్కులకు అది చాలు, కానీ అసలు సంగతిలో సగం అక్కడే జారిపోతుంది. ఆర్‌ఎన్‌ఏ ఒంటి పోగు. డీఎన్‌ఏలా దానికి జంట పోగు ఉండదు కాబట్టి తన అక్షరాలే తనలోని ఇంకో చోటి అక్షరాలతో జతకట్టాలని చూస్తాయి: జీకి సీ, ఏకి యూ. నులక పేనేటప్పుడు పురి ఎక్కువై చేయి కాస్త వదులైతే తాడు తన మీద తానే మెలిపడి ఒక ఉచ్చులా లేస్తుంది. ఆర్‌ఎన్‌ఏ కూడా పాలిమరేజ్ నోటిలోంచి బయటికి వస్తుండగానే అలా మెలికలు పడుతుంది. పూర్తిగా రాసేదాకా ఆగి, తర్వాత తీరిగ్గా మడత పడదు.

ఆ మెలికల్లో కొన్నింటికి అధికారం ఉంది. జీ, సీ అక్షరాలు ఎక్కువున్న గట్టి మెలిక ఒకటి పడి, దాని వెంటనే వరసగా యూలు వస్తే పాలిమరేజ్ అక్కడ తడబడుతుంది. యూ-ఏ జతలు బలహీనం. మెలిక లాగే లాగుడికి ఆర్‌ఎన్‌ఏ ఊడిపోతుంది, నకలు రాయడం మధ్యలోనే ఆగిపోతుంది. దీన్ని అంతిమ మెలిక అందాం. బాక్టీరియాకు రాతను ఆపే దారి ఇంకొకటి కూడా ఉంది: 'రో' అనే ప్రోటీను. ఆరు భాగాల ఉంగరంలా ఉండే రో, ఆర్‌ఎన్‌ఏ మీదికెక్కి పాలిమరేజ్‌ను వెంబడించి రాతను ఆపిస్తుంది. 1969లో జెఫ్రీ రాబర్ట్స్ దాన్ని కనిపెట్టారు. మన దగ్గర దాని మీద లోతుగా పనిచేసిన చోటు హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ. రంజన్ సేన్ బృందం అక్కడ ఏళ్ల తరబడి రో ఎలా పనిచేస్తుందో, బాక్టీరియా మీద దాడిచేసే పీ4 వైరస్ 'పీఎస్‌యూ' అనే ప్రోటీనుతో దాన్ని ఎలా అడ్డుకుంటుందో పరిశోధించింది. ఆర్‌ఎన్‌ఏ మడత మారితే రో కూడా మాట వింటుంది. సాల్మొనెల్లాలో మెగ్నీషియం తగ్గిందో పెరిగిందో గమనించే ఒక ఆర్‌ఎన్‌ఏ ముక్క, రోకు చోటివ్వాలా వద్దా అని తేల్చడం ద్వారానే జన్యువును ఆపుతుందని 2012లో తేలింది.

రాత మధ్యలో మెలికలు మారి జన్యువు భవిష్యత్తును తేల్చడం కొత్త ఊహేమీ కాదు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారుచేసే ఈ.కోలై జన్యువుల ముందు ఇలాంటి ఏర్పాటు ఉందని చార్లెస్ యానోఫ్‌స్కీ 1970లలోనే చూపించారు. అయితే అక్కడ రైబోజోము మధ్యవర్తి. ఏ మధ్యవర్తీ లేకుండా, చిన్న అణువు నేరుగా ఆర్‌ఎన్‌ఏకు అంటుకుని మడత మార్చగలదని 2002లో యేల్‌లో రొనాల్డ్ బ్రేకర్, న్యూయార్క్‌లో ఎవ్‌గెనీ నుడ్లర్ బృందాలు వేరువేరుగా చూపించాయి. వీటికి రైబోస్విచ్‌లని పేరు పెట్టారు. మొదట దొరికినవాటిలో బీ12, బీ1, బీ2 విటమిన్లను గుర్తుపట్టేవి ఉన్నాయి. తర్వాత 2010లో ఫోలిక్ ఆమ్లం కుటుంబానికి చెందిన టెట్రాహైడ్రోఫోలేట్‌ను గుర్తుపట్టేది కూడా దొరికింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసినప్పుడు, అదే అణువు రూపాన్ని బాక్టీరియా తన ఆర్‌ఎన్‌ఏతో తడిమి గుర్తుపడుతుందని ఆయనకు తెలిసే వీలు లేదు. ఆర్‌ఎన్‌ఏ అంటే ఏమిటో లోకానికి సరిగా తెలియని కాలం అది.

ఇక ఫ్లోరైడ్ దగ్గరికి. 2010లో బ్రేకర్ బృందంలోని జాషా వైన్‌బర్గ్ రకరకాల బాక్టీరియా జన్యుపటాలను పక్కపక్కన పెట్టి, ఒకే రకంగా మడతపడే ఆర్‌ఎన్‌ఏ ముక్కలను కంప్యూటరుతో వెతికారు. 104 ముక్కలు కొత్తగా బయటపడ్డాయి. వాటిలో ఒకటి సీఆర్‌సీబీ జన్యువు ముందు తరచుగా కనిపించేది. అది స్విచ్చేనని అనిపిస్తోంది, కానీ దేనికి స్పందిస్తుందో తెలియదు. ఆ జన్యువు చేసే పని కూడా అప్పటికి తెలియదు. ఇలాంటి అనాథ స్విచ్‌లకు జోడీ వెతకడమంటే వందలాది అణువులను ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటూ పోవడమే. చివరికి ఒక రసాయనానికి అది స్పందించింది. తీరా చూస్తే స్పందన ఆ రసాయనానికి కాదు, దాన్ని తయారుచేసేటప్పుడు అందులో మిగిలిపోయిన ఫ్లోరైడ్ మలినానికి! జెన్నీ బేకర్, బ్రేకర్, మిగతా సహచరులు 2012 జనవరిలో ఈ సంగతి సైన్స్ పత్రికలో ప్రకటించారు. బాక్టీరియాలోనే కాదు, ఆర్కియా అనే మరో ప్రాచీన జీవవర్గంలో కూడా ఈ స్విచ్ ఉంది. కాలువ పని కూడా దాంతోపాటే తేలింది. శుద్ధమైన నమూనా వాడి ఉంటే ఇంకెన్నాళ్లు పట్టేదో.

రసాయనం తెలిసినవాళ్లకు ఇది మొదట నమ్మబుద్ధి కాలేదు. కారణం ఉంది. ఆర్‌ఎన్‌ఏ వెన్నెముక పొడుగునా ఫాస్ఫేట్లు, ఒక్కొక్కదానికీ రుణావేశం. ఫ్లోరైడూ రుణావేశమే. రెండూ ఒకదాన్నొకటి తోసుకోవాలి. పైగా ఫ్లోరైడ్ అతి చిన్నది, పట్టుకోవడానికి కొమ్మలూ రెమ్మలూ లేని ఒంటి అయాన్. దాన్ని ఆర్‌ఎన్‌ఏ ఎలా పట్టుకుంటుంది? అదే ఏడాది న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ సంస్థకు చెందిన దిన్షా పటేల్, సహచరులు రెన్, రాజశంకర్ ఎక్స్‌రే చిత్రంతో జవాబు చెప్పారు. థర్మోటోగా అనే వేడినీటి బాక్టీరియా నుంచి తీసిన ముక్క అది. అందులో ఐదు ఫాస్ఫేట్లు లోపలివైపు తిరిగి మూడు మెగ్నీషియం అయాన్లను పట్టుకుంటాయి. ఆ మూడు ధనావేశాల నడుమ ఫ్లోరైడ్ కూర్చుంటుంది. నేరుగా పట్టుకోలేనిదాన్ని మధ్యలో మెగ్నీషియం పెట్టుకుని పట్టుకుంది. ఆ గూడు ఎంత ఇరుకంటే, ఫ్లోరైడ్‌కు తోబుట్టువైన క్లోరైడ్ కూడా అందులో పట్టదు. ఉప్పు ఎక్కువైన నీటిలో స్విచ్ పొరబడకపోవడానికి కారణం ఇదే.

ఇంతవరకు కథ సాఫీగానే ఉంది. ఫ్లోరైడ్ వస్తే ఆర్‌ఎన్‌ఏ ఒక రూపంలో, రాకపోతే ఇంకో రూపంలో ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. నార్త్ కరోలైనాలో చి ఝాంగ్ బృందం బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా స్విచ్‌ను తీసుకుని అణు అయస్కాంత అనునాదంతో చూసింది. రాత్రి మిగిలిన అన్నాన్ని బయట పెడితే చేరి కడుపు పాడుచేసేవాటిలో ఈ బాక్టీరియా ఒకటి. మట్టి దాని అసలు ఇల్లు. 2017లో వాళ్లు ప్రకటించిన ఫలితం ఊహకు ఎదురు తిరిగింది. ఫ్లోరైడ్ ఉన్నా లేకున్నా ఆ ముక్క రూపం దాదాపు ఒకటే! మడతలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

మరి తేడా ఎక్కడుంది? కాలంలో. ఫ్లోరైడ్ లేనప్పుడు ఆ మడతను కట్టిపెట్టి ఉంచే ఒకే ఒక్క అక్షరాల జత ఉండుండి విడిపోతుంది. ఏ క్షణంలో చూసినా నూటికి ఒక అణువులో మాత్రమే అది విడిపోయి ఉంటుంది. విడిపోయిన స్థితి సుమారు 3 మిల్లీసెకన్లు నిలిచి మళ్లీ మూసుకుంటుంది. ఎక్స్‌రే చిత్రానికి ఇది కనిపించదు. కానీ పాలిమరేజ్ ఇంకా రాస్తూనే ఉంది కదా. లెక్క వేసి చూడండి: 3 మిల్లీసెకన్లు తెరిచి ఉండడం నూటికి ఒక వంతు కాలమైతే, సుమారు 300 మిల్లీసెకన్లకు ఒకసారి అది తెరుచుకుంటోందన్నమాట. సెకనుకు 50 అక్షరాల చొప్పున రాసే పాలిమరేజ్ ఆ వ్యవధిలో ఓ 15 అక్షరాలు దాటుతుంది. అంతిమ మెలికకు కావలసిన అవతలి పోగు అప్పటికి బయటికి వచ్చి కాచుకుని ఉంటుంది. జత విడివడగానే అది చొరబడి పాత మడతను పక్కకు తోసి తన మెలిక వేసుకుంటుంది. యూల వరస వస్తుంది, రాత ఆగిపోతుంది, కాలువ తయారు కాదు. ఫ్లోరైడ్ గూటిలో కూర్చుంటే ఆ జత విడిపోవడం అణిగిపోతుంది. చొరబడే పోగుకు సందు దొరకదు. పాలిమరేజ్ ప్రమాదపు చోటు దాటేసి జన్యువును పూర్తిగా రాస్తుంది.

ఇదంతా నాకు ఎందుకు ముఖ్యమనిపిస్తుందంటే, జీవరసాయనంలో మనం రూపాన్ని మరీ ఎక్కువగా నమ్ముతాం. అందమైన త్రిమితీయ చిత్రం వస్తే పని అర్థమైపోయిందనుకుంటాం. ఇక్కడ రెండు చిత్రాలూ ఒకేలా ఉన్నాయి. ఒకటి జన్యువును నడిపిస్తుంది, ఇంకొకటి ఆపుతుంది. ఏ జత, ఎంతసేపు, ఏ సమయంలో వదులవుతుందన్నదే తీర్పు. రాత జరుగుతుండగా ఈ మడతలను అక్షరం అక్షరం దగ్గర ఆపి చూసే పద్ధతిని జూలియస్ లక్స్, జాన్ లిస్ బృందాలు 2016లో ఇదే బాసిల్లస్ స్విచ్ మీద చేసి చూపించాయి. ఫ్లోరైడ్ ఉన్న దారి, లేని దారి మొదట్లో కలిసే నడుస్తాయి, అంతిమ మెలిక మొలకెత్తే చోటనే విడిపోతాయి.

రైబోస్విచ్ తనకు పక్కనే ఉన్న ఒక్క జన్యువు మీదే అధికారం చలాయిస్తుంది. ఊరి మొత్తానికి తాళం వేసే ఆర్‌ఎన్‌ఏ కూడా ఉంది. ఈ.కోలైలో 184 అక్షరాల 6ఎస్ ఆర్‌ఎన్‌ఏను 1967లోనే చూశారు. అది చేసే పనేమిటో 2000 దాకా తెలియలేదు. కరెన్ వాసర్‌మన్, జిసెలా స్టార్జ్ అప్పుడు తేల్చింది ఇది: 6ఎస్ మధ్యలో పెద్ద బుడగలా విచ్చుకుని ఉంటుంది. రాత మొదలుపెట్టే చోట డీఎన్‌ఏ రెండు పోగులు విడిపోయినప్పుడు ఉండే రూపానికి అది నకలు. తిండి అయిపోయి కణాలు ఎదగడం మానేసినప్పుడు 6ఎస్ పోగుపడి పాలిమరేజ్‌ను మోసపుచ్చి పట్టుకుంటుంది. పాలిమరేజ్‌కు అది డీఎన్‌ఏలా తోస్తుంది. తిండి మళ్లీ దొరికితే? పాలిమరేజ్ తనను పట్టుకున్న ఆ ఆర్‌ఎన్‌ఏనే మూసగా వాడి 14 నుంచి 20 అక్షరాల చిన్న ముక్క ఒకటి రాస్తుంది. దాంతో 6ఎస్ రూపం మారి పట్టు జారుతుంది, పాలిమరేజ్ విడుదల. ఖైదీకి రాత పని ఇచ్చి, రాసింది చూసి వదిలేసినట్టుంది కానీ, ఇందులో కాపలాదారుకు ఏ తెలివీ అక్కర్లేదు. ముడిసరుకు అక్షరాలు కణంలో దండిగా ఉంటేనే ఆ చిన్న ముక్క తయారవుతుంది. అంటే తిండి వచ్చిందన్న వార్త, విడుదల రెండూ ఒకే చర్య.

మన ఒంటికి ఫ్లోరైడ్‌ను పసిగట్టే ఇలాంటి ఆర్‌ఎన్‌ఏ స్విచ్ లేదు. మూత్రంతో పోయినంత పోగా, ఒంట్లో మిగిలిన ఫ్లోరైడ్‌లో నూటికి 99 వంతులు ఎముకల్లో, పళ్లలో చేరుతుంది. బాక్టీరియా బయటికి తోసేదాన్ని మనం లోపల దాచుకుంటాం. అందుకే మన దగ్గర పని అంతా నీటిని ముందే పరీక్షించుకోవడంలో ఉంది. భారతీయ ప్రమాణం ప్రకారం తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకనిచోట 1.5 దాకా ఓర్చుకోవచ్చు. రుచికీ కంటికీ తెలియదు. ఇంట్లో కొత్త బోరు వేసినవాళ్లు నీటి తీపి చూసి సంబరపడతారు, నమూనా ప్రయోగశాలకు పంపేవాళ్లు తక్కువ.

ఇక్కడే బాసిల్లస్ స్విచ్ బాక్టీరియాను వదిలి బయటికి వచ్చింది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో లక్స్ బృందం ఆ స్విచ్ వెనక కాలువ జన్యువుకు బదులు పసుపు రంగు పుట్టించే ఎంజైము జన్యువును తగిలించింది. బాక్టీరియాను చిదిమి తీసిన సారంలో, అంటే పాలిమరేజ్, రైబోజోములు అన్నీ ఉండి ప్రాణం మాత్రం లేని ద్రవంలో, దాన్ని కలిపి చిన్న గొట్టాల్లో గడ్డకట్టించి ఎండబెట్టారు. బావి నీటి చుక్క వేస్తే చాలు. ఫ్లోరైడ్ ఉంటే ఆ జత విడిపోదు, రాత సాగుతుంది, గొట్టం పసుపెక్కుతుంది. మామూలు గదిలో దాచుకోవచ్చు, కరెంటు అక్కర్లేదు. వాల్టర్ తవరాజా, సహచరులు 2020లో ప్రకటించిన ఈ పరీక్షను కోస్టారికాలో అగ్నిపర్వతం దగ్గరి నీటి మీద చేసి చూశారు. లీటరుకు 2 మిల్లీగ్రాములను అది పట్టుకుంది. అమెరికా ప్రమాణాల్లో కఠినమైనది అదే.

నల్గొండకు 2 చాలదు. 1, 1.5 దగ్గర తేడా చెప్పగలగాలి. ఆ తర్వాత కెన్యాలోని నకూరు కౌంటీలో, శాస్త్రవేత్తలు కాని మామూలు జనం చేతికి ఈ పరీక్ష ఇచ్చి 1.5 గీత దగ్గర చూశారు. అక్కడి రిఫ్ట్ లోయ నీరు మన గ్రానైటు నీటి లాగే ఫ్లోరైడ్‌కు పేరుమోసింది. 57 నమూనాల్లో 89.5 శాతాన్ని సరిగా తేల్చింది. వాడలేకపోయినవాళ్లు ఒక్కరూ లేరు. రంగు చూసి ఫలితం చెప్పడంలో ఒక్క నమూనా దగ్గర మాత్రమే పొరపడ్డారు. ప్రయోగశాల గడప తొక్కని చేతుల్లో ఇది మంచి ఫలితమే. ఐనా 57లో ఆరు తప్పాయి. ఒక ఇంటి బోరుకు అయితే రెండుసార్లు వేసి చూసుకోవచ్చు. ఊరంతా తాగే బావి మీద మాత్రం, గొట్టం పసుపెక్కినా ఎక్కకపోయినా, ఒక సీసా నీరు జిల్లా ప్రయోగశాలలో ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ దగ్గరికి పంపాల్సిందే.